భిలాయ్‌లో ఒక మాట వెనక ఐదు రోజులు

భిలాయ్ వెళ్తున్నానంటే మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఒకే ప్రశ్న వేశారు: "ఉక్కు ఫ్యాక్టరీ తప్ప చూడ్డానికి ఏముందక్కడ?" నిజమే, చూడ్డానికి వెళ్ళేవాళ్ళు తక్కువ. నేను మనుషుల్ని కొన్ని ప్రశ్నలు అడగడానికి వెళ్ళాను. తిరిగొచ్చి పది రోజులైంది. పాప పడుకున్నాక రోజూ కాసేపు కూర్చుని ఇది రాస్తున్నాను. అక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. దాన్ని దాచి పోహా గురించీ జిలేబీ గురించీ మాత్రమే రాయడానికి చేయి రాలేదు.

విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. అభిప్రాయాలు మనుషుల మధ్య ఎలా పాకుతాయి, చివరికి అందరూ ఒకే మాట మీదికి ఎలా వస్తారు అన్నది నా పరిశోధన. పది గ్లాసుల్లో నీళ్ళున్నాయనుకోండి, కొన్ని వేడివి, కొన్ని చల్లవి. పక్కపక్క గ్లాసుల మధ్య కొంచెం కొంచెం అటూ ఇటూ పోస్తూ ఉంటే కాసేపటికి అన్నీ ఒకే వెచ్చదనానికి వస్తాయి. మనుషులూ అంతే, రోజూ మాట్లాడేవాళ్ళ వైపు కొద్దికొద్దిగా జరుగుతారు. అయితే మనుషులు గ్లాసుల్లా పెట్టినచోట ఉండరు. నచ్చని మాట అన్నవాళ్ళ పక్కనుంచి లేచిపోతారు, నచ్చినవాళ్ళ పక్కకి చేరతారు. పక్కన ఎవరున్నారన్నదే రోజూ మారిపోతుంటే అందరూ ఒక్కటవుతారా, రెండు ముక్కలవుతారా? కాగితం మీద సమీకరణాలు రాశాను. నిజం మనుషుల్లో చూసి రమ్మన్నారు మా గైడ్ మేడమ్.

భిలాయ్‌లో మా పిన్ని ఉంది. అక్కడి తెలుగు సంఘంలో ఒక తగువు నడుస్తోందని ఫోన్‌లో చెప్పింది. వార్షికోత్సవం భోజనం ఏటా ఆడవాళ్ళే కలిసి వండుతారు, ఈసారి కేటరింగ్‌కి ఇవ్వాలా వద్దా అని. ఎవరికీ దెబ్బ తగలని తగువు. నా లెక్కకి సరిగ్గా సరిపోతుందనుకున్నాను. ముప్పై ఇళ్ళు, రోజూ రెండే ప్రశ్నలు: కేటరింగ్ మీద మీ అభిప్రాయానికి పదికి ఎన్ని మార్కులు? నిన్న ఎవరితో ఎక్కువసేపు మాట్లాడారు? మా ఆయనకి సెలవు దొరకలేదు. మే నెల ఎండలో, రెండున్నరేళ్ళ తన్విని చంకనేసుకుని బయల్దేరాను.

రాయగడ దాటాక

ఎదురు బెర్తులో దుర్గ్ దగ్గర ఉతై వెళ్ళే పెద్దావిడ ఒకామె ఎండుచేపల మూటని సీటు కిందకి తోసి, దాని ముందు తన కాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చుంది. పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గరట, పెళ్ళయి ఛత్తీస్‌గఢ్ వచ్చి నలభై ఏళ్ళట.

"గుంట పడుకోదేటమ్మా?" అంది పదకొండైనా కళ్ళు తెరిచే ఉన్న తన్విని చూసి.

"కొత్తచోట పడుకోదండి. ఇంట్లో కూడా పగలు అసలు కన్ను మూయదు."

"ఓలమ్మా! మరి నువ్వెప్పుడు పడుకుంటావు? ఇటియ్యి."

ఆవిడ తన్విని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి స్టేషన్ దీపాలు లెక్కపెట్టించింది. తన్వికి నాలుగు దాకానే వచ్చు, నాలుగయ్యాక మళ్ళీ ఒకటి. తెల్లారేదాకా అదే ఆట. నేను మధ్యలో కునుకు తీశాను గానీ పిల్ల మాత్రం కాసేపైనా పడుకోలేదు. పొద్దున చూస్తే ఆ మూట పక్కనే పెట్టిన మా బట్టల సంచీ నిండా చేపల వాసన. దుర్గ్‌లో దిగేటప్పుడు ఆవిడ నవ్వి, "మీ పిన్ని ఎసరు పెట్టుకుంటాదిలే వాసనకి," అంది.

దుర్గ్ స్టేషన్ బయట

బాబాయి స్కూటర్ మీద వచ్చాడు. ముందు టిఫిన్ అన్నాడు. అటుకుల ఉప్మా లాంటి పోహా, పైన సేవ్ అనే సన్న కారప్పూస, పచ్చి ఉల్లిపాయ, పక్కన రెండు వేడి జిలేబీలు. ముప్పై రూపాయలు. మన దగ్గర పొద్దున్నే కారంతో తీపి కలిపి తింటే పిల్లల కడుపుకి మంచిది కాదంటారు. ఇక్కడ పిల్లలకి మొదట పెట్టేదే జిలేబీ. తన్వి రెండూ తినేసింది. కడుపు నొప్పి వస్తుందేమోనని సాయంత్రం దాకా బెంగపడ్డాను. నేను దేనికైనా బెంగపడతాను. మా ఆయన దాన్ని నా రెండో ఉద్యోగం అంటారు.

చీకటి గది

పిన్ని వాళ్ళది మూడంతస్తుల క్వార్టర్ల బ్లాకు. నేను ఇళ్ళు తిరుగుతుంటే పిల్లని ఎవరు చూడాలి? పిన్నికి బడి ఉద్యోగం. కింద ఇంట్లో సారమ్మ ఉందని, ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళ పిల్లల్ని అయిదుగురిని పగలు చూసుకుంటుందని చెప్పింది. సారమ్మ వాళ్ళ నాన్న రైల్వేలో చేసేవాడట. ఆదివారం చర్చికి వెళ్ళడం తప్ప ఆవిడ గడప దాటదట. అక్కడందరికీ ఆవిడ సారా మౌసీ, అంటే సారా పిన్ని. నన్ను అత్తా అని పిలవమంది పిన్ని.

దిగిన రోజే, బుధవారం పదకొండింటికి తన్విని అక్కడ దింపాను. కిటికీలన్నిటికీ మందపాటి దుప్పట్లు కట్టి ఉన్నాయి. కూలర్ ఒకటి బస్సు ఇంజనులా మోగుతోంది. మన చేయి మనకి కనబడనంత చీకటి. గుమ్మం వెలుగులో నా మొహం చూసి, "బైటకొచ్చి మాట్లాడుకుందాం రామ్మా," అని గుసగుసగా అంది సారమ్మ అత్త. నాకు ఆలస్యమవుతోందని చెప్పి, పిల్లని ఇచ్చేసి వచ్చేశాను.

మూడింటికి వెళ్తే తన్వి నిద్రపోతోంది. పన్నెండు నుంచీ అలాగే ఉందట. పుట్టి బుద్ధెరిగాక పగలు మూడు గంటలు పడుకోవడం అదే మొదలు.

సాయంత్రం పార్కు దగ్గర చెరుకురసం బండి ఉంటే, పై అంతస్తు పద్మ నాకూ ఒక గ్లాసు ఇప్పించింది. పద్మ పుట్టింది పెరిగింది భిలాయ్‌లోనే. తెలుగులో హిందీ కలిపేస్తుంది. కబుర్లలో నేనన్నాను: "ఏం చేసిందో గానీ సారమ్మ అత్త, మా పాప మూడు గంటలు కదల్లేదు." నవ్వుతూనే అన్నాను. పద్మ కూడా నవ్వింది. "సచ్‌మే? నిజంగానా? మా వాడిని కూడా పంపుతానైతే!"

గురువారం కూడా తన్విని అక్కడే దింపాను. ఆ రోజు గంటసేపే పడుకుంది. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది?

హథ్‌ఖోజ్‌లో టిఫిన్ డబ్బా

నా ముప్పై ఇళ్ళలో ఒకామె పేరు లత. ఫ్యాక్టరీలుండే హథ్‌ఖోజ్‌లో బోల్టులు చేసే చిన్న షెడ్డులో లెక్కలు రాస్తుంది. భోజనాల వేళకి వస్తే తీరిగ్గా మాట్లాడొచ్చంది. శుక్రవారం వెళ్ళాను. ఆమె డబ్బాలో బోరే బాసీ, అంటే నీళ్ళలో నానిన రాత్రి అన్నం, ఉల్లిపాయ, కాల్చిన టమాటా పచ్చడి. మన చద్దన్నమే. మన ఊళ్ళో ఆఫీసుకి చద్దన్నం తీసుకెళ్ళడానికి మొహమాటపడతారు. అక్కడ నలుగురూ డబ్బాలు తెరిస్తే మూడు డబ్బాల్లో అదే ఉంది.

కేటరింగ్‌కి లత మార్కులు బుధవారం మూడు, శుక్రవారానికి ఆరు. నా సమీకరణం చెప్పినట్టే జరుగుతోందని సంతోషంగా రాసుకుంటున్నాను. అప్పుడు లత గొంతు తగ్గించింది.

"దీదీ, మీ పిల్లని సారా మౌసీ దగ్గిర పెడతన్నారంట. పెట్టకండి."

"ఏం?"

"పాలల్లో నిద్రమందు కలుపుతాదంట. మీ బ్లాకులోనే ఒక పిల్ల అయిదు గంటలు లెగలేదంట. తట్టినా లెగలేదంట."

"మా పాప కూడా," అన్నాను. "బుధవారం మా పాప కూడా మూడు గంటలు..."

లత కళ్ళు పెద్దవయ్యాయి. "హే భగవాన్, ఇంకొకర్తా!" అంటూ ఫోన్ తీసింది.

తన్వి అప్పుడు అక్కడే ఉంది.

ఆటోవాడిని తొందరపెడుతూ అరగంట ప్రయాణం చేశాను. దారి పొడవునా ఎర్రటి దుమ్ము, మధ్యాహ్నం రెండింటి షిఫ్ట్‌కి పోయే మోటార్ సైకిళ్ళు. సారమ్మ అత్త తలుపు తోసుకుని లోపలికి పోయి గోడ మీద స్విచ్చి కోసం తడిమాను.

"లైటేయకమ్మా!" అంది ఆవిడ గబుక్కున నా చేయి పట్టుకుని.

ఎందుకు వెయ్యకూడదు? ఏం కనబడుతుందని? చేయి విడిపించుకుని స్విచ్చి వేశాను. చాప మీద అయిదుగురు పిల్లలు, వాళ్ళ మధ్య తన్వి. లోపలి గదిలోంచి ఎవరో మగమనిషి విసుగ్గా మూలిగాడు. పిల్లని అమాంతం ఎత్తుకున్నాను. ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. ఆ ఏడుపు వింటే ప్రాణం లేచొచ్చింది. సారమ్మ అత్తకి ఒక్క మాట చెప్పకుండా వచ్చేశాను.

క్లినిక్‌లో డాక్టరుగారు తన్వి కళ్ళలోకి లైటు వేసి చూశారు. పాప హుషారుగా ఉందన్నారు. బుధవారం సంగతి ఇప్పుడు తాను చెప్పలేనన్నారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూ పడుకున్నాను.

అర్జీ

శనివారం పొద్దున్నకి అర్జీ తయారైంది. క్వార్టర్ల ఆఫీసుకి. పిల్లలకి మందు పెడుతున్న సారమ్మని ఇల్లు ఖాళీ చేయించాలని. ఆదివారం కేటరింగ్ మీటింగ్‌లోనే అందరూ ఒప్పుకుని పంపుతారట. బ్లాకు వాట్సాప్ గ్రూపులోంచి సారమ్మ అత్త నంబరు తీసేశారు. అయిదుగురు పిల్లల్లో ఒక్కరూ ఆ రోజు వెళ్ళలేదు.

పిన్ని కాగితం నా ముందు పెట్టింది. "నీ సంతకం కూడా కావాలంట. ఇద్దరు పిల్లలని రాసినారు కదా, రెండోది మన తన్వియే."

పెన్ను తీసుకున్నాను. పెట్టేదాన్నే. "మొదటి పాప ఎవరు పిన్నీ?" అని అడిగాను. ఆ తల్లితో మాట్లాడాలనిపించింది. ఆ పాపకి తరవాత ఎలా ఉందో తెలిస్తే నా పిల్లకి ఏం కావచ్చో తెలుస్తుంది.

పిన్ని ఆలోచించింది. "మీ బాబాయిని అడుగు." బాబాయి, "మా సంఘం రమణారావుకి తెలుసు," అన్నాడు. ఆయనకీ తెలియదు. ఎవరికీ తెలియదు.

మార్కులు రాసుకునే కేటరింగ్ రిజిస్టరు తీసుకుని బయల్దేరాను. ఎవరు ఎవరితో మాట్లాడారో అందులో రోజూ బాణం గుర్తులు వేసి రాస్తూనే ఉన్నాను కదా. లతకి చెప్పింది సుజాత. సుజాత దగ్గర ఆ పాప నిద్ర నాలుగున్నర గంటలు. సుజాతకి చెప్పినామె దగ్గర నాలుగు గంటలు, తట్టిన సంగతి లేదు. తట్టి ఉంటే లేచేది కాదేమో అని మాత్రం అనుకున్నారట. ఆమెకి చెప్పిన ఇంట్లో నిద్రమందన్నది వట్టి అనుమానమే. "మందు గాని ఇస్తాదేటని నేను ఊరికే అన్నానమ్మా," అంది అక్కడి ముసలామె. వెనక్కి వెళ్తున్నకొద్దీ గంటలు తగ్గుతున్నాయి. ఏడిళ్ళు తిరిగాను. మనుషులు ఏడుగురు, బాణం గుర్తు మాత్రం ఒక్క దారిలోనే పోతోంది. చివరి బాణం పద్మ దగ్గర ఆగింది.

"మూడు గంటలు లెగలేదన్న పాప ఎవరు పద్మా? నీకెవరు చెప్పారు?"

పద్మ నన్ను వింతగా చూసింది. "అరే దీదీ, మీరే కదా! బుధవారం, చెరుకురసం తాగతా."

మొదటి పాప తన్వి. రెండో పాపా తన్వే. నా మాట ఊరు తిరిగొచ్చి నన్నే భయపెట్టింది. నేను దాన్ని ఎవరో చెప్పిన సాక్ష్యం అనుకుని, మళ్ళీ నా పిల్లనే చేర్చి పంపాను. రిజిస్టరులో అన్ని పేర్లూ ఉన్నాయి, నా పేరు తప్ప. ఇంకో పేరు వైపు కూడా ఒక్క బాణమూ లేదు. నాలుగు రోజుల్లో ముప్పై ఇళ్ళలో ఏ ఒక్కరూ సారమ్మ అత్తతో కూర్చుని మాట్లాడలేదు.

"నన్నడిగుంటే"

సాయంత్రం ఆవిడ తలుపు కొట్టాను. బొమ్మలన్నీ సర్ది గోడవారగా పెట్టి ఉన్నాయి. దుప్పట్లు అలాగే ఉన్నాయి. జరిగిందంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ నా వైపు చూడలేదు.

"మా అబ్బాయి రాత్రి డ్యూటీ. పొద్దున్నొచ్చి పడుకుంటాడు. ఫర్నేసు ముందర పని, నిద్ర సాలకపోతే సెయ్యి పోతాది. అందుకే చీకటి. ఈ ఊళ్ళో రాత్రి డ్యూటీ మనిషున్న ఏ ఇల్లయినా ఇంతే. మీ పిన్ని ఇంట్లో కాదేటి? మీ బాబాయి రాత్రి డ్యూటీ చేసినన్నాళ్ళూ వాళ్ళ పిల్లలు ఇలాగే పడుకున్నారు. చీకటి, కూలరు సప్పుడు. ఏ గుంటైనా పడుకుంటాది."

నేను కిటికీకి కట్టిన దుప్పటి వైపు చూశాను.

"నువ్వు మూడు గంటలు పడుకున్నాదన్నావు. అది అబద్ధమేటి? కాదు. ఎందుకు పడుకున్నాదత్తా అని నన్నడగలేదు సూడు, అదే తప్పు. అడిగుంటే నేనడిగేదాన్ని, రాత్రి బండిలో పిల్ల పడుకున్నాదా అని."

స్టేషన్ దీపాలు గుర్తొచ్చాయి. తెల్లవార్లూ ఒకటి నుంచి నాలుగు దాకా.

ప్లాస్టిక్ కుర్చీలు

పిన్నికి చెబితే తలపట్టుకుంది. "రేపు రమణారావుకి ఒక్కడికే మెల్లిగా సెప్పు. మీటింగ్‌లో లెగకు. నువ్వు సాయంత్రం బండెక్కి ఎల్లిపోతావు. ఈ మనుషుల్తో మేం బతకాల."

ఆదివారం బ్లాకు కింద యాభై కుర్చీలు వేశారు. కేటరింగ్ విషయం అయిదు నిమిషాల్లో తేలిపోయింది, ఇచ్చేద్దామని. ముప్పై ఇళ్ళ వెంట నేను తిరిగిన తగువుని ఇప్పుడెవరూ పట్టించుకోవడం లేదు. తరవాత రమణారావుగారు అర్జీ చదివారు. ఆయన కాంట్రాక్టులు చేస్తారు, సంఘానికి అధ్యక్షుడు. "ఇద్దరు పసిపిల్లలు" అన్నచోట ఆగి అందరినీ చూశారు.

నేను లేచాను. "ఇద్దరు కాదండీ. ఒక్కర్తే. మా పాప."

రిజిస్టరు తెరిచి ఏ ఇంట్లో ఎన్ని గంటలయ్యాయో చదివాను. మొదటి మాట నాదేనన్నాను. రాత్రంతా బండిలో పిల్ల పడుకోలేదన్నది మర్చిపోయానన్నాను.

"అంటే ఇంతమందిమీ ఎర్రోళ్ళమేటమ్మా?" అన్నారు రమణారావుగారు.

"కాదండీ. ఒకే మాటని ఏడుగురి దగ్గర విన్నాం. ఏడు మాటలనుకున్నాం. లెక్కలు చెప్పేదాన్ని, నేనే అలా అనుకున్నాను."

వెనక నుంచి ఒకామె లేచింది. "మా బాబు కూడా అక్కడ బాగా పడుకుంటాడు. అదేటి మరి?"

"ఎప్పటినుంచండీ?"

"ఏడాదిన్నర నుంచి."

"మంగళవారం దాకా మీకు భయం వేసిందా?"

ఆమె కూర్చుంది. నమ్మిందో, కోపం వచ్చిందో తెలియలేదు. "ఇప్పుడు ఇలాగంటాది, మొన్న అలాగంది. ఈవిడ మాటేటి నమ్ముతాం?" అని ఇంకెవరో అన్నారు. అప్పుడు మా పిన్ని లేచింది. "ఇందులో నా సంతకం ఉన్నాది. అది కొట్టీండి," అంది అధ్యక్షుడితో. "మా పిల్లలూ దుప్పట్లు కట్టిన గదిలోనే పెరిగినారు. నాకెందుకు గుర్తు రాలేదో." ఇంకో ముగ్గురు తమ సంతకాలూ కొట్టేయమన్నారు. మిగతావాళ్ళు అనలేదు. రమణారావుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చింపలేదు, పంపుతాననీ అనలేదు.

సాయంత్రం బండికి ముందు

బండికి ఇంకా నాలుగు గంటలుంది. పిన్ని సామాను సర్దుతోంది. నేను తన్విని ఎత్తుకుని మెట్లు దిగాను. కుర్చీలు తీస్తున్నవాళ్ళు, బాల్కనీల్లో నిలబడ్డవాళ్ళు అందరూ చూస్తున్నారు. వాళ్ళు చూడాలనే వెళ్ళాను. అయినా ఆ గుమ్మం ముందు నా చేతులు పిల్లని వదల్లేదు. రిజిస్టరులో తప్పు తేలిపోయింది గానీ శుక్రవారం నాటి భయం నా ఒంట్లోంచి ఇంకా పోలేదు.

సారమ్మ అత్త తలుపు తీసింది. నన్ను చూసింది, నా చేతుల్ని చూసింది, తల ఎత్తి బాల్కనీల్ని చూసింది.

"నువ్వూ రా," అంది. "సెప్పులక్కడ ఇప్పు. లైటేయకు."

చాప మీద తన్వి పక్కన కూర్చున్నాను. కూలర్ గాలిలో తడిసిన గడ్డి వాసన. తన్వి కాసేపు పొర్లి, చీకట్లో నా ముక్కు వెతికి పట్టుకుంది. లోపలి గదిలో అబ్బాయి గురక వినబడుతోంది. వాడు లేవకూడదని నేనూ ఊపిరి మెల్లగా తీశాను. అంతవరకే నాకు గుర్తుంది.

"ఓలమ్మా, బండేలయింది!" అని పిన్ని తలుపు బాదుతుంటే మెలకువ వచ్చింది. తన్వి ఎప్పుడో లేచి, గుమ్మంలో సారమ్మ అత్త ఒళ్ళో కూర్చుని బిస్కట్ తింటోంది. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి బైటకి పరుగెత్తాను. మెట్ల దగ్గర పద్మ నిలబడి ఉంది, చంకలో వాళ్ళ బాబు.

"ఏటి దీదీ, మొహం అంతా చాప గీతలు! పడుకుండిపోయినారా?"

"మూడు గంటలు," అన్నాను.

పద్మ పకపకా నవ్వి ఫోన్ తీసింది. ఎవరెవరికి చెబుతుందో, ఏ వరసలో చెబుతుందో నాకిప్పుడు బాగా తెలుసు. ఆపలేదు.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. ముగ్గురు పిల్లలు తిరిగి వెళ్తున్నారట. ఇద్దరు వెళ్ళడం లేదు. ఆ ఇద్దరి తల్లులూ మా పిన్నితో మాట్లాడటం మానేశారట. రిజిస్టరు తీసి ఆ రెండు బాణాలూ కొట్టేశాను. పై వరసలో, పద్మ పేరు పైన ఖాళీ ఉంటే అక్కడ నా పేరు రాశాను.